మాట కంటే ముందు వచ్చే వేలు: చంటిపిల్లల్లో ఆటిజం సూచనలు

మా కోనసీమలో కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లినవాళ్లకి ఆ దృశ్యం గుర్తుంటుంది. దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే ఎత్తైన గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి కొబ్బరితోటలోకి వస్తుంటే, జనంలో ఉన్న పిల్లలందరి చేతులూ పైకి లేస్తాయి. తండ్రి భుజం మీదున్న ఏడాదిన్నర పిల్ల కూడా వేలు చాపి "అద్దో" అంటుంది. అని ఊరుకోదు. వెంటనే తండ్రి మొహంలోకి చూస్తుంది, నువ్వూ చూశావా అన్నట్టు.

మా అక్క చిన్నకొడుక్కి ఆ ఏడు 20 నెలలు. వాడూ మా బావ భుజం మీదే ఉన్నాడు. డప్పులు దగ్గరికి వచ్చేసరికి చెవులు గట్టిగా మూసుకున్నాడు. ప్రభ వైపు చూడలేదు. ముందు నిలబడ్డ పిల్ల చేతిలో గాలికి గిరగిరా తిరుగుతున్న కాగితపు పువ్వునే చూస్తూ ఉండిపోయాడు. "అదిగో చిన్నా, ప్రభ!" అని నేను చెయ్యి చాపితే నా వేలి కొసను చూశాడు గానీ, ఆ వేలు చూపిస్తున్న వైపు చూడలేదు.

అప్పుడు నాకేమీ తట్టలేదు. ఇంట్లో అందరం వాడికి మాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాం. మొదట చూపించిన డాక్టరుగారు "మగపిల్లాడు కదమ్మా, మూడేళ్లు రానివ్వండి" అన్నారు. మూడేళ్లు వచ్చాయి, మాట రాలేదు. ఆటిజం అని తేలేసరికి వాడికి మూడేళ్ల నాలుగు నెలలు. మాట కంటే ముందు రావాల్సినవి కొన్ని ఉంటాయని, అవి రాలేదని 18వ నెలలోనే మాకు కనబడి ఉండాల్సిందని తర్వాత తెలిసింది. పెద్ద పరికరాలతో పని లేకుండా, మన పెరట్లో, మన అరుగు మీద చూడగలిగినవే అవన్నీ. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రెండు ముక్కలు ఆటిజం గురించి. ఇది మెదడు ఎదిగే తీరులో పుట్టుక నుంచే ఉండే తేడా. జ్వరంలా మధ్యలో అంటుకునేది కాదు. దీన్ని నిర్ధారించాలంటే రెండు రకాల సంగతులు కలిసి కనబడాలి. మొదటిది, మనుషులతో ఇచ్చిపుచ్చుకునే తీరులో ఇబ్బంది. రెండోది, చేసిందే చేయడం, ఒకే పద్ధతిని పట్టుకోవడం, శబ్దాలూ స్పర్శలూ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తగలడం. లియో కానర్ అనే డాక్టరు 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఈ పేరు వైద్యంలో స్థిరపడింది. 2013 నుంచి ఆస్పర్జర్ లాంటి వేరువేరు పేర్లన్నిటినీ కలిపి ఒకే గొడుగు కింద 'ఆటిజం స్పెక్ట్రమ్' అంటున్నారు. ఆ గొడుగు కింద అసలు మాట రాని పిల్లలూ ఉన్నారు, గలగలా మాట్లాడేవాళ్లూ ఉన్నారు. 2021 నాటికి ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన మన మండలంలో, మన వీధి బడిలో కూడా ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు.

ఇమ్మని చూపే వేలు, చూడమని చూపే వేలు

పిల్లలు వేలు చూపించడం రెండు రకాలు. గూట్లో అరటిపండు కనబడితే ఇమ్మని చూపిస్తారు. కొబ్బరిచెట్టు మీద ఉడత కనబడితే చూడమని చూపిస్తారు. మొదటిదానికి పండు అందించే చెయ్యి ఉంటే చాలు. రెండోదానికి ఆ సంబరం పంచుకునే మనిషి కావాలి. ఇమ్మని చూపడం ఎక్కువమంది పిల్లలకి 15 నెలలకి, చూడమని చూపడం 18 నెలలకి వచ్చేస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే వస్తువును కలిసి చూడటం, చూస్తున్నామని ఒకరికొకరు తెలుసుకోవడం, ఇదే భాషకి పునాది. 'కాకి' అన్న మాట నేర్చుకోవాలంటే, అమ్మ ఆ మాట అన్నప్పుడు అమ్మ చూస్తున్న వైపే బిడ్డ కూడా చూడాలి కదా. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలా తొందరగా కనబడే తేడా ఇక్కడే ఉంటుంది.

మన మామ్మలూ అమ్మమ్మలూ ఆడించే ఆటలు చూడండి. డాబా మీద చందమామను చూపించి గోరుముద్దలు పెట్టడం, కొంగు చాటున బూచి ఆట, గుమ్మంలో టాటా, "కాకి ఏదీ? తాతయ్య ఏడీ?" అని అడగడం. ఇవన్నీ పరీక్షలు అనుకుని ఎవరూ పెట్టినవి కావు గానీ, బిడ్డ మన చూపును అందుకుంటున్నాడా, మనల్ని చూసి చేస్తున్నాడా, మళ్లీ ఆడమని అడుగుతున్నాడా అన్నవన్నీ వాటిలోనే తెలిసిపోతాయి. మా ఇంట్లో వాడు అన్నం తినేవాడు, చందమామ వైపు మాత్రం ఎప్పుడూ చూడలేదు. అన్నం తిన్నాడు కదా, అది చాలనుకున్నాం.

ఒక్క రాత్రి చూడనంత మాత్రాన భయపడకండి. నిద్రమత్తులో ఉండవచ్చు, జలుబు చేసి ఉండవచ్చు. కడుపు నిండి, ఒళ్లు బాగుండి, హుషారుగా ఉన్న వేళ చూసుకుని వారం పది రోజులు గమనించండి. వేలు చూపించే బదులు ఆ బిడ్డ ఏం చేస్తున్నాడో కూడా చూడండి. నీళ్లు కావాలంటే మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఫ్రిజ్ తలుపు మీద పెట్టి, మన మొహంలోకి మాత్రం చూడకపోవడం ఈ పిల్లల్లో తరచూ కనబడుతుంది. అక్కడ మన చెయ్యి వాడికి ఒక పనిముట్టు లాంటిది.

పేరు పెట్టి పిలిస్తే తిరగడం ఇంకోటి. ఏడాది నిండిన బిడ్డ ఆడుకుంటున్నా సరే, ఎక్కువసార్లు తిరిగి చూడాలి. మావాడు పది పిలుపులకి ఒకసారి తిరిగేవాడు. కానీ పక్క గదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే, టీవీలో వాడికి నచ్చిన ప్రకటన పాట వస్తే పరుగెత్తుకొచ్చేవాడు. "చెవులు బాగానే ఉన్నాయి, పెంకితనం" అనుకున్నాం. అది పెంకితనం కాదు. చుట్టూ ఉన్న శబ్దాలన్నిటిలో మనిషి గొంతు ప్రత్యేకంగా వినబడటం వాడికి ఇంకా కుదరలేదు. అయినా సరే వినికిడి పరీక్ష తప్పనిసరి. కొన్ని శబ్దాలు వినబడి మాటలు సరిగా వినబడని చెవుడు కూడా ఉంటుంది. చెవి లోపల నీరు చేరినా అంతే. బిడ్డ నిద్రలో ఉండగా చేసే బెరా పరీక్షతో ఆ సంగతి తేల్చుకోవచ్చు.

ఒక అపోహ మాత్రం ఇక్కడే తీసేయాలి. "మావాడు నవ్వుతాడండి, ముద్దిస్తాడండి, మాకలాంటిదేమీ ఉండదు" అంటారు చాలామంది. ఆటిజం ఉన్న పిల్లలూ నవ్వుతారు, ఒళ్లో చేరతారు, అమ్మ కనబడకపోతే ఏడుస్తారు. కళ్లలోకి అస్సలు చూడని పిల్లలు తక్కువే. చూపు, నవ్వు, సైగ, శబ్దం, ఈ నాలుగూ ఒకేసారి కలిపి వాడటంలో తేడా ఉంటుంది, ప్రేమలో కాదు.

ఎ టు జెడ్ చెప్పే పిల్లాడు

రెండేళ్ల బాబు ఇంగ్లీషు అక్షరాలన్నీ చెప్తాడు, ఒకటి నుంచి వంద దాకా లెక్కపెడతాడు, కార్ల బొమ్మలు చూసి కంపెనీ పేర్లు చెప్తాడు. ఇల్లంతా మురిసిపోతుంది, వీడియో తీసి గ్రూపుల్లో పెడతారు. అదే బాబు దాహం వేస్తే "అమ్మా, నీళ్లు" అనలేడు. ఈ తేడాను మన దగ్గర ఎవరూ పట్టించుకోరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మాటలు ఎన్ని వచ్చాయన్నదానికంటే ఆ మాటలతో బిడ్డ ఏం చేస్తున్నాడన్నది ముఖ్యం. అడుగుతున్నాడా, వద్దంటున్నాడా, పిలుస్తున్నాడా, చూపించి చెప్తున్నాడా? "పాలు కావాలా?" అంటే "పాలు కావాలా" అని మన మాటే తిప్పి అప్పజెప్పడం రెండేళ్ల లోపు పిల్లలందరిలో కొంత ఉంటుంది. అది తగ్గకుండా అదే ప్రధానమైన మాటగా మిగిలితే చూపించాలి.

గుర్తుపెట్టుకోవాల్సిన వయసులు ఇవి. ఏడాదికి అత్త తాత అంటూ శబ్దాలు, టాటా లాంటి సైగలు. 16 నెలలకి కనీసం ఒకటో రెండో మాటలు. రెండేళ్లకి "అమ్మా దా", "పాలు ఇయ్యి" లాంటి సొంత రెండు మాటల కూర్పు. ఈ వయసులు దాటినా ఇవి రాకపోతే ఆగకూడదు. అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది: వచ్చిన మాట పోవడం. 15 నుంచి 24 నెలల మధ్య కొందరు పిల్లలు అంతకుముందు అన్న మాటలు, చేసిన టాటాలు మానేస్తారు. "ఊరెళ్లొచ్చాక మర్చిపోయాడు", "చెల్లి పుట్టిందని అలిగాడు" అని సర్దిచెప్పుకుంటాం. ఏ వయసులోనైనా సరే, వచ్చింది పోతే ఆ వారంలోనే డాక్టరుకి చూపించాలి.

చేసిందే చేయడం గురించి మాత్రం తొందరపడొద్దు. ఫ్యాను వైపు చూడటం, మూడు చక్రాల సైకిల్ తిరగేసి చక్రం తిప్పడం, కొబ్బరి ఈనె కళ్ల ముందు ఆడించుకోవడం, మునివేళ్ల మీద నడవడం, చేతులు ఆడించడం పిల్లలందరూ కొన్నాళ్లు చేస్తారు. రోజులో ఎంతసేపు చేస్తున్నాడు, మనం ఆ ఆటలో చేరితే చేరనిస్తున్నాడా, ఆపితే ఎంతసేపటికి తేరుకుంటున్నాడు అన్నవి చూడాలి. అలాగే పిండిమర చప్పుడు, పెళ్లి బ్యాండు, క్షవరం కత్తెర మరీ భరించలేకపోవడం, పెరుగన్నం తప్ప మరేదీ నోట పెట్టకపోవడం. ఇవి ఒంటరిగా ఉంటే పెద్దగా ఏమీ చెప్పవు. వేలు, చూపు, పిలుపు విషయంలో తేడాతో కలిసి ఉంటే బరువు పెరుగుతుంది.

మాటలు మాత్రమే ఆలస్యమైన పిల్లలు వేరు. వాళ్లకి మాట ఉండదు గానీ మనిషి కావాలి. సైగలతో కథంతా చెప్తారు. పక్కింటి అత్తని లాక్కొచ్చి కుక్కపిల్లని చూపిస్తారు. అమ్మ చేసినట్టు ఉత్తుత్తి పొయ్యి మీద ఉత్తుత్తి అన్నం వండి మనకి తినిపిస్తారు. ఆ పిల్లలకి కూడా స్పీచ్ థెరపీ అవసరం కావచ్చు, కానీ దారి వేరు.

ఆడపిల్లల సంగతి ఒక మాట. ఆటిజం మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువగా తేలుతుంది. అందులో కొంత, ఆడపిల్లల్ని మనం గుర్తించకపోవడం వల్ల కూడా. మూల కూర్చుని ఒక్కతే ఆడుకునే పాపని "ఎంత బుద్ధిమంతురాలో" అంటాం.

ఆగమనే మాటలు

"మీ మేనమామకి ఐదేళ్లకి వచ్చాయి మాటలు." "వస రాయండి, వసపిట్టలా మాట్లాడతాడు." "నాలుక కింద నరం కోయించండి." ఈ మాటలన్నీ ప్రేమతో అన్నవే, మా ఇంట్లోనూ అన్నారు. మగపిల్లలకి ఆడపిల్లల కంటే మాటలు ఆలస్యమవడం నిజమే, కానీ సగటున ఆ తేడా ఒకటి రెండు నెలలే, ఏళ్లు కాదు. వస వల్ల మాటలు రావు, పైగా పసివాళ్లకి వాంతులు అవుతాయి. నాలుక కింద నరం వల్ల కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకకపోవచ్చు గానీ, మాటే రాకుండా ఆగదు. నాలుకకీ, వేలు చూపించకపోవడానికీ సంబంధం లేదు కదా.

ఇంకో పెద్ద భయం టీకాలు. 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లల మీద వచ్చిన ఒక వ్యాసం ఈ భయాన్ని పుట్టించింది. అందులో తప్పుడు పనులు జరిగాయని తేలి 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి చూసి 2019లో ప్రచురించిన పరిశోధనలోనూ టీకాకీ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. మరి తల్లులకి అలా ఎందుకు అనిపిస్తుంది? మన షెడ్యూల్లో తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టర్ పడేది 16 నుంచి 24 నెలల మధ్య. ఆటిజం బయటపడేదీ సరిగ్గా ఆ వయసులోనే. ఒకదాని వెనక ఒకటి వచ్చేసరికి ఒకదాని వల్ల ఇంకోటి వచ్చిందనిపిస్తుంది.

తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్ల, ఫోన్ ఇవ్వడం వల్ల, తక్కువ ప్రేమించడం వల్ల ఆటిజం రాదు. తల్లి మనసు చల్లబడితే బిడ్డ ఇలా అవుతాడనే సిద్ధాంతం ఒకప్పుడు అమెరికాలో నిజంగానే నడిచింది. ఆటిజం ఉన్న కొడుకుకి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు 1964లో దాన్ని పటాపంచలు చేశాడు. ఇందులో జన్యువుల పాత్ర పెద్దది. ఒక బిడ్డకి ఉంటే తోబుట్టువుల్లో ఐదుగురిలో దాదాపు ఒకరికి ఉండే అవకాశం ఉంది. అందుకే చిన్నవాళ్లని తొమ్మిదో నెల నుంచే గమనించాలి. ఫోన్ ఆటిజం తేకపోయినా బిడ్డ మనతో గడపాల్సిన గంటల్ని తినేస్తుంది. రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దనీ, ఆ తర్వాత ఐదేళ్ల దాకా రోజుకి గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఎక్కడికి వెళ్లాలి

ఎం-చాట్ అని 20 ప్రశ్నల పట్టిక ఉంది. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం చేసింది. అవును, కాదు అని తల్లిదండ్రులే జవాబివ్వాలి. అనుమానం కలిగించే జవాబులకి పడే మార్కులు రెండు దాకా వస్తే ఆటిజం ఉండే అవకాశం తక్కువ. మూడు నుంచి ఏడు వస్తే మరికొన్ని ప్రశ్నలు అడిగి చూడాలి. ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నేరుగా పరీక్షకి పంపాలి. ఇది జల్లెడ మాత్రమే, తూకం కాదు. జల్లెడలో ఆగిన బిడ్డలందరికీ ఆటిజం ఉండదు, జారిపోయినవాళ్లందరికీ లేదనీ కాదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 18వ నెలలోనూ 24వ నెలలోనూ బిడ్డలందరికీ ఆటిజం జల్లెడ పట్టాలంటుంది. మన దగ్గర అడిగేవాళ్లు తక్కువ. బూస్టర్ టీకాకి తీసుకెళ్లిన రోజు మీరే అడగండి.

ఆటిజాన్ని చెప్పే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. అనుభవం ఉన్నవాళ్లు బిడ్డతో ఆడి, మనల్ని వివరంగా అడిగి తేలుస్తారు. రెండేళ్లకే నమ్మకంగా చెప్పగలరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. వాళ్లు చూసే జాబితాలో ఆటిజం కూడా ఉంది. అక్కడి నుంచి జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల ఇబ్బందుల్ని తొలిదశలోనే చూసే కేంద్రానికి పంపుతారు. కాబట్టి మొదటి మెట్టు మీ ఊరి అంగన్‌వాడీ టీచరుగారే, లేదా ఆశా కార్యకర్త. పెద్ద అంచనా కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, కనుక వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్టుకీ, నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చుకీ అవకాశం ఉంది. సర్టిఫికెట్ అంటే బిడ్డ నుదుటి మీద ముద్ర పడుతుందని మా బావ ఏడాదిన్నర ఆగాడు. ఆ ఏడాదిన్నర థెరపీ ఖర్చంతా చేతి నుంచే పోయింది.

ఒక హెచ్చరిక. ఆటిజాన్ని నయం చేస్తామని స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు అమ్మేవాళ్లు ఉన్నారు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. పొలం అమ్మి అక్కడికి వెళ్లకండి.

అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ వెళ్లి, గంట థెరపీ చేయించుకుని రావాలంటే రోజు గడిచిపోతుంది. వారానికి మూడుసార్లు ఎవరికి కుదురుతుంది? అందుకే ఇంట్లో జరిగేదే అసలు బలం. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ మామూలు ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, వాళ్ల ద్వారా తల్లిదండ్రులకి నేర్పించిన పద్ధతిని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. బిడ్డ సంకేతాన్ని తల్లిదండ్రులు అందుకోవడం, బిడ్డ తనంతట తాను కబురు మొదలుపెట్టడం, రెండూ మెరుగుపడ్డాయి.

చేసేది చిన్న పనే, విసుగు లేకుండా చేయడమే కష్టం. నేల మీద వాడి ఎదురుగా, కళ్లకి కళ్లు అందే ఎత్తులో కూర్చోవాలి. వాడు చక్రం తిప్పుతుంటే లాక్కోకుండా మనమూ తిప్పాలి. నచ్చిన వస్తువు కనబడేలా, అందకుండా పెట్టాలి. అడిగే దాకా, చూపుతోనైనా సరే, పది లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఉయ్యాల ఊపుతూ మధ్యలో ఆపి, వాడు మన వైపు చూడగానే మళ్లీ ఊపాలి. పొడుగు వాక్యాలు మాని "నీళ్లు", "ఇంకా", "దా" అంటే చాలు. దీనికి ఆటిజం అని తేలనవసరం లేదు. అనుమానం వచ్చిన రోజే మొదలుపెట్టవచ్చు. చివరికి ఆటిజం కాదని తేలినా బిడ్డకి ఏ నష్టమూ లేదు.

పక్కింటి బిడ్డలోనో, తోబుట్టువు బిడ్డలోనో ఇవి కనబడితే ఎలా చెప్పాలి? నేను అక్కకి ఫోన్లో ఒక్కసారిగా ఆటిజం అనే మాట అనేశాను. మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. పేరు పెట్టే పని మనది కాదు. "అక్కా, పిలిస్తే తిరగట్లేదు, ఒకసారి చెవులు చూపిద్దాం, నేనూ వస్తాను" అని ఉంటే బాగుండేది. కనబడింది చెప్పాలి, తోడు వెళ్లాలి.

ఇక నీళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1852 నుంచి ఈ నేలంతా కాలవలే. గుమ్మం దాటితే బోదె, వీధి దాటితే కాలవ, ఊరు దాటితే చేపల చెరువు. ఆటిజం ఉన్న పిల్లలకి నీళ్లంటే ఇష్టం ఎక్కువగా ఉంటుంది, ప్రమాదం తెలియడం ఆలస్యమవుతుంది, పిలిస్తే పలకరు. అమెరికాలో 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, నాలుగేళ్లు దాటాక ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మంది ఒక్కసారైనా చెప్పకుండా వెళ్లిపోవడానికి ప్రయత్నించారు. కంగారు పడేంతసేపు కనబడకుండా పోయినవాళ్లలో నలుగురిలో దాదాపు ఒకరు నీళ్లలో పడే ప్రమాదం అంచుకి వెళ్లారు.

నడక వచ్చిన రోజు నుంచే వీధి తలుపుకి పైన, బిడ్డకి అందని ఎత్తులో గడియ పెట్టించండి. రేవు వైపు దడి కట్టించండి. తలుపుకి ఒక గంట వేలాడదీయండి. నాలుగేళ్లు రాగానే ఈత నేర్పించండి, ఈత వచ్చినా ఒంటరిగా వదలొద్దు. బిడ్డ కనబడకపోతే ఇంట్లో గదులన్నీ వెతుకుతూ నిమిషాలు పోగొట్టుకోకుండా ముందు నీళ్ల దగ్గరికి పరుగెత్తండి. మా బావ కాలవగట్టు మీది బడ్డీకొట్టు ఆయనకీ, లాకుల దగ్గర ఉండే ఆయనకీ, ఎదురింటి మామ్మగారికీ వాడి ఫొటో చూపించి, పిలిస్తే పలకడు, చెయ్యి పట్టుకుని ఆపండి అని చెప్పి, ఫోన్ నంబరు గోడ మీద రాసి వచ్చాడు. ఇప్పటికి రెండుసార్లు ఆ నంబరుకి ఫోన్ వచ్చింది.